వరహా చెప్పిన సాక్ష్యం

ధర్మవరంలో ఎనిమిదవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి క్రిందటి నెల నాకు ఉత్తరం వ్రాసింది. అందులో ఇట్లా అడిగింది:

"సార్! మా పాఠంలో విజయనగర రాజుల బిరుదులు చాలా వచ్చాయి. మాకు దగ్గరలోనే వున్న పెనుకొండనుంచి ఏలిన రాజులు కూడా అవే బిరుదులు పెట్టుకున్నారట. కాని అప్పటికి వాళ్ళ రాజ్యం చాలా భాగం చేజారిపోయిందని కూడా ఆ పాఠంలోనే వుంది. రాజ్యం పోయిన తరువాత బిరుదు అబద్ధం కాదా? అబద్ధమైతే మేము దాన్ని ఎందుకు చదవాలి?"

ఉత్తరం చదివి నాకు చాలా సంతోషమయింది. ముప్ఫైయేళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పాను గాని, ఇంత మంచి ప్రశ్న అడిగినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ప్రశ్న ఒక్కరిదే అయినా జవాబు అందరికీ పనికివచ్చేదే. అందుచేత ఈ నెల దాన్ని గురించే చెబుతాను.

న్యాయస్థానంలో ఏది నిజమో తేలనప్పుడు ఏం చేస్తారు? సాక్షిని పిలుస్తారు. మనమూ ఒక సాక్షిని పిలుద్దాం. ఆ సాక్షి చాలా చిన్నది, వేలి గోరంత వుంటుంది. బరువు మూడున్నర గ్రాములకు కొంచెం తక్కువ. ఒళ్ళంతా బంగారం. దాని పేరు వరహా.

సాక్షిని పిలిచే ముందు, సంగతి జరిగిన చోటు చూసి వద్దాం. ధర్మవరంలో బెంగుళూరు వైపు వెళ్ళే రైలెక్కితే కొంతసేపటికి పెనుకొండ వస్తుంది. ఇంకా ముందుకు పోతే హిందూపురం. పెను అంటే పెద్ద. పెనుకొండ అంటే పెద్ద కొండ. పాత శాసనాలలో దీన్నే ఘనగిరి అన్నారు. కొండమీద కోటగోడలు ఎగబాకి వుంటాయి. క్రింద వూళ్ళో గగన్‌మహల్ అనే రాజభవనం ఈనాటికీ నిలిచి వున్నది. ఇప్పుడు అక్కడ సాయంత్రంపూట పావురాలు వాలుతుంటాయి. ఒకప్పుడు దక్షిణదేశంలో చాలా భాగాన్ని శాసించే ఆజ్ఞలు ఆ వూరినుంచి బయలుదేరేవి.

విజయనగర రాజ్యం 1336 ప్రాంతంలో పుట్టింది. రాజధాని తుంగభద్ర ఒడ్డున హంపీ విజయనగరం. పెనుకొండ ఆ రాజ్యంలో ఒక పెద్ద దుర్గం. సుమారు 230 ఏళ్ళపాటు అట్లా గడిచింది. 1565 జనవరి 23న కృష్ణానది దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. దాన్నే తళ్ళికోట యుద్ధం అంటారు, రక్కసి తంగడి యుద్ధమనీ అంటారు. దక్కను సుల్తానులు ఒకటై వచ్చి పడ్డారు. రాజ్యాన్ని నడుపుతున్న అళియ రామరాయలు యుద్ధంలోనే చనిపోయాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు, పేరుకు రాజుగా వున్న సదాశివరాయలను వెంటబెట్టుకొని, ఖజానాను ఏనుగులమీద వేసుకొని పెనుకొండకు చేరాడు. విజయనగరం పాడుపడింది. పెనుకొండ రాజధాని అయింది. 1570 ప్రాంతంలో తిరుమలరాయలే పట్టాభిషేకం చేసుకున్నాడు. ఆయన వంశం పేరు ఆరవీటి వంశం.

ఇక బిరుదుల సంగతి చూద్దాం.

"రాజాధిరాజ" అంటే రాజులకు రాజు. "రాజపరమేశ్వర" అన్నా ఇంచుమించు అంతే. "మూరురాయరగండ" అనేది కన్నడం మాట. హిందూపురం పిల్లలకు కన్నడం కొంచెమో గొప్పో వస్తుంది గనుక ఇది సులువు. మూరు అంటే మూడు, గండ అంటే మొనగాడు. గజపతి, అశ్వపతి, నరపతి అనే ముగ్గురు రాజులను మించిన మొనగాడన్నమాట. ఇంకొక బిరుదు "హిందూరాయ సురత్రాణ". సురత్రాణ అంటే ఏమిటో చెప్పగలరా? సుల్తాన్ అనే మాటనే సంస్కృతం తొడుగు వేసి అట్లా పలికారు! పొరుగురాజు బిరుదు బాగుందనిపిస్తే దాన్ని కూడా వదలలేదు మనవాళ్ళు. తూర్పు పడమటి సముద్రాలకు అధిపతి అనే బిరుదు కూడా వున్నది.

వీటన్నిటిలోకీ నాకు బాగా నచ్చినది ఒకటున్నది: "భాషెగె తప్పువ రాయర గండ". ఇదీ కన్నడమే. మాట తప్పే రాజులను శిక్షించే మొనగాడని అర్థం. ఈ బిరుదును మాత్రం కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

మొదటి రాజులైన హరిహరుడు, బుక్కరాయలు తమను "మహామండలేశ్వర" అని చెప్పుకున్నారు. అది సామంతుల స్థాయి బిరుదు. రాజ్యం పెరిగినకొద్దీ బిరుదులూ పెరిగాయి. అంటే మొదట్లో బిరుదు వెనుక నేల వుండేది. తాత సంపాదించిన బిరుదు తండ్రికి, తండ్రినుంచి కొడుక్కు ఇంటిపేరు వలె వచ్చేది. మీ తరగతిలో గుర్రాల అనే ఇంటిపేరు గలవాళ్ళుంటే అడిగి చూడండి, వాళ్ళింట్లో ఈనాడు ఎన్ని గుర్రాలున్నాయో!

పెనుకొండ రాజుల కష్టం అదే. బిరుదులు నిండుగా వచ్చాయి. నేల మాత్రం రోజురోజుకూ తరుగుతున్నది. తిరుమలరాయల తరువాత ఆయన కొడుకు శ్రీరంగరాయలు 1572లో రాజయ్యాడు. 1576లో బిజాపూరు సైన్యం వచ్చి పెనుకొండను ముట్టడించింది. 1586లో శ్రీరంగరాయల తమ్ముడు వేంకటపతిరాయలు గద్దె ఎక్కాడు. ఈసారి గోలకొండనుంచి ముహమ్మద్ కులీ కుతుబ్ షా దండెత్తి వచ్చి పెనుకొండను చుట్టుముట్టాడు. హైదరాబాదు నగరాన్ని, చార్మినారును కట్టించిన సుల్తాను ఈయనే. సంధి మాటలు జరుగుతూ వుండగానే కోటలోకి తిండిగింజలు, సైన్యం వచ్చి చేరాయి. కోట లొంగలేదు, గోలకొండ సైన్యం తిరిగిపోయింది. కాని రాజధాని ఇంత అంచున వుంటే క్షేమం కాదని తేలిపోయింది. వేంకటపతిరాయలు కాపురం చంద్రగిరికి, తరువాత వెల్లూరుకు మారింది. 1614లో ఆయన చనిపోయేదాకా శాసనాలలో ఆ పెద్ద పెద్ద బిరుదులే చెక్కుతూ వచ్చారు.

ఇప్పుడు మన సాక్షిని పిలుద్దాం.

టంకసాల అంటే నాణేలు తయారుచేసే చోటు. తూకం వేసిన చిన్న బంగారపు బిళ్ళను క్రింది అచ్చుమీద పెట్టి, పైన ఇంకొక అచ్చు ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ కొడతారు. ఒకవైపు బొమ్మ, రెండోవైపు అక్షరాలు పడతాయి. పూర్వం నాణేలమీద వరాహం, అంటే అడవిపంది గుర్తు వుండేది గనుక వరహా అన్నారు. విజయనగర రాజుల రాజముద్రలో కూడా వరాహం వున్నది.

1443లో పారశీక దేశంనుంచి అబ్దుర్ రజాక్ అనే రాయబారి విజయనగరానికి వచ్చాడు. ఆయన నాణేల లెక్క వ్రాసిపెట్టాడు. ఒక వరహాకు రెండు ప్రతాపలు. ప్రతాపకు పది పణాలు. ఇవన్నీ బంగారమే. పణానికి ఆరు తారలు, తార వెండిది. తారకు మూడు జిటలులు, జిటలు రాగిది. మరి వరహాకు ఎన్ని జిటలులు? వెంటనే కాగితం తీసి గుణించండి. జవాబు చివర చెబుతాను.

ఏ రాజు నాణెంమీద ఏ బొమ్మ వేయించాడో చూస్తే ఆయన మనసు కొంత తెలుస్తుంది. దేవరాయల కాలపు రాగి కాసులమీద ఏనుగు వుంటుంది. ఆయనకు ఏనుగుల వేటగాడనే బిరుదు వుండేది. కృష్ణదేవరాయలు (1509-1529) బంగారు వరహామీద బాలకృష్ణుని బొమ్మ వేయించాడు. వెనుకవైపు నాగరి లిపిలో "శ్రీ ప్రతాప కృష్ణరాయ" అని మూడు వరుసలు. ఆయన కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పాయిస్ ఈ నాణెం చూసి, దానిమీద ఒకవైపు దాన్ని కొట్టించిన రాజు పేరు వుంటుందని వ్రాశాడు. అచ్యుతరాయలు (1529-1542) గండభేరుండ పక్షిని వేయించాడు. రెండు తలల ఆ పక్షి ముక్కులతోనూ గోళ్ళతోనూ ఏనుగులను ఎత్తుకుపోతూ వుంటుంది!

అచ్యుతరాయల మాట వచ్చింది గనుక హిందూపురం పక్కన లేపాక్షిని తలచుకోకుండా వుండలేం. ఆ కాలంలో పెనుకొండ అధికారిగా వున్న విరుపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ లేపాక్షి గుడి కట్టించారు. రాజుగారి అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని విరుపణ్ణమీద చాడీ వెళ్ళిందట. రాజు శిక్షించకముందే ఆయన తన కళ్ళను తానే పెరికి గోడకు కొట్టాడట. గోడమీద ఎర్రని మరకలు ఇవేనని ఇప్పటికీ చూపిస్తారు. ఇది వూళ్ళో చెప్పుకునే కథ, చరిత్ర కాదు. అయినా ఈ కథ ఒక సంగతి చెబుతున్నది. రాజుగారి ఖజానాలోని వరహా అంటే జనానికి ఎంత భయం, ఎంత గౌరవం వుండేవో చూడండి! లెక్క తప్పితే కళ్ళతో చెల్లించవలసినంత గంభీరమైన వస్తువది.

ఇక పెనుకొండ రాజుల నాణేలు. తిరుమలరాయల వరహామీద సీతారాములు కూర్చొని వుంటారు, పక్కన లక్ష్మణుడు నిలబడి వుంటాడు. రాజ్యం పోగొట్టుకొని అడవికి పోయినవాడు రాముడు. హంపీ పోగొట్టుకొని పెనుకొండకు వచ్చినవాడు తిరుమలరాయలు. ఆ బొమ్మను చూసినప్పుడల్లా నాకీ పోలిక మనసులో మెదులుతుంది.

వేంకటపతిరాయల వరహా ఇంకా విచిత్రమైనది. ఒకవైపు తోరణం క్రింద శ్రీ వేంకటేశ్వరస్వామి నిలబడి వుంటాడు. సరే, రెండోవైపు ఏముంటుంది? రాజు పేరు వుండాలి కదూ? లేదు! "శ్రీ వేంకటేశ్వరాయ నమః" అని వుంటుంది. రాజాధిరాజ లేదు, రాజపరమేశ్వర లేదు, ప్రతాప లేదు. అసలు రాజు పేరే లేదు. శాసనాలలో గజం పొడుగు బిరుదులు చెక్కించిన వంశమే, చేతినుంచి చేతికి మారే వరహామీద స్వామికి నమస్కారం మాత్రం పెట్టి వూరుకున్నది.

బరువు మాటేమిటి? ఇదే అసలు ప్రశ్న. రాజ్యం చిక్కిపోతే ఖజానా వట్టిపోతుంది. ఖజానా వట్టిపోయినప్పుడు రాజులకు ఒక దుర్బుద్ధి పుడుతుంది. నాణెంలో బంగారం తగ్గించి, పేరు మాత్రం అదే వుంచుదామనుకుంటారు. ప్రపంచంలో ఎందరో రాజులు ఆ పని చేశారు. వేంకటపతిరాయల వరహాను త్రాసులో వేసి చూస్తే కృష్ణదేవరాయల వరహాతో దాదాపు సమానంగా తూగుతుంది. నేల తగ్గింది, తూకం తగ్గలేదు!

పూర్వం అంగడివీధిలో షరాబు కూర్చునేవాడు. నాణెం ఆయన చేతికిస్తే దానిమీద బిరుదులు చదివి దండం పెట్టడు. ముందు త్రాసులో వేస్తాడు. తరువాత నల్లని గీటురాయిమీద గీస్తాడు. వన్నె తెలిసిన బంగారంతో పక్కనే ఇంకొక గీత గీసి, రెండు గీతల రంగూ పోల్చి చూస్తాడు. అంతే, నిజం బయటపడుతుంది. షరాబు రాజాధిరాజుకు భయపడడు, గీటురాయికి మొగమాటం లేదు.

ఇదంతా మన దేశపు ముచ్చట మాత్రమే అనుకోవద్దు. వేంకటపతిరాయలు గద్దె ఎక్కిన రెండేళ్ళకు, 1588లో, ఐరోపాలో డెన్మార్కు దేశానికి నాలుగవ క్రిస్టియన్ రాజయ్యాడు. అప్పటికి అతనికి పదకొండేళ్ళు ఇంకా నిండలేదు. మీలో చాలామంది వయసే! 1648దాకా, అంటే దాదాపు అరవై ఏళ్ళు, ఆయనే రాజు.

ఆయన బిరుదులు వింటారా? డెన్మార్కుకు, నార్వేకు రాజు. వెండులకు, గోతులకు రాజు. ఇంకా ఫలానా ఫలానా సీమలకు ప్రభువు. వెండులంటే బాల్టిక్ సముద్రం దక్షిణపు ఒడ్డున వుండిన ఒక జాతి. గోతుల రాజనే బిరుదు 1361లో గోట్లాండు దీవిని గెలిచినప్పుడు వచ్చింది. ఈ నాలుగవ క్రిస్టియన్ కాలంలోనే, 1645లో, స్వీడనుతో సంధి చేసుకొని ఆ గోట్లాండు దీవిని వదులుకోవలసివచ్చింది. దీవి పోయింది. బిరుదు పోయిందా? లేదు. 1972లో రెండవ మార్గరెథే రాణి అయినప్పుడు ఈ పాత బిరుదులన్నీ తీసివేసి, డెన్మార్కు రాణి అని మాత్రం వుంచుకున్నది. అంటే దీవి చేజారిన తరువాత 327 ఏళ్ళు బిరుదు బ్రతికింది. ఇప్పుడు చెప్పండి, మన పెనుకొండ రాజులు ఒక్కరే తప్పు చేశారా?

ఆ రాజు నాణేల సంగతి కూడా చూడండి. 1644లో స్వీడను సైన్యం డెన్మార్కులో పెద్ద భాగాన్ని ఆక్రమించింది. ఆ ఏడే సముద్రయుద్ధంలో రాజుకు ఒక కన్ను పోయింది. సరిగ్గా అప్పుడు ఆయన కొట్టించిన వెండి నాణేలమీద ఒక కొత్త మాట వున్నది. హీబ్రూ అక్షరాలలో దేవుని పేరు, చుట్టూ లాటినులో "న్యాయమూర్తి, న్యాయవంతుడు" అనే అర్థమిచ్చే మాటలు. నాకు అన్యాయం జరిగింది, తీర్పు దేవుడిదే అన్నమాట. ఇక్కడ తిరుపతి స్వామి, అక్కడ హీబ్రూ అక్షరాల దేవుడు. కష్టం వచ్చినప్పుడు ఇద్దరు రాజులకూ నాణెంమీద చెప్పుకోవలసిన పేరు తమది కాదని తోచినట్లున్నది.

ఈ రెండు రాజ్యాలకు చుట్టరికం కూడా కలిసింది. గోలకొండవారు పెనుకొండమీదికి వచ్చినప్పుడు వేంకటపతిరాయలకు సాయంగా తంజావూరు యువరాజు రఘునాథ నాయకుడు వచ్చి పోరాడాడని ఆనాటి సంస్కృత కావ్యాలు చెబుతున్నాయి. ఆయన తెలుగు కవి కూడా. తరువాత ఆయన తంజావూరు రాజయ్యాడు. 1620లో డెన్మార్కు నౌకలు వస్తే సముద్రపుటొడ్డున తరంగంబాడి అనే వూళ్ళో కోట కట్టుకోవటానికి అనుమతి ఇచ్చాడు. డెన్మార్కు రాజుకు బంగారు రేకుమీద తమిళంలో ఉత్తరం వ్రాయించి పంపాడు. ఆ రేకు ఈనాటికీ కోపెన్‌హాగన్‌లో భద్రంగా వున్నది.

తరంగంబాడిలో డేనులు చిల్లర అవసరాలకు సీసంతో కాసులు కొట్టారు. వాటిమీద తమ రాజు పేరులోని మొదటి అక్షరం, దానిపైన కిరీటం గుర్తు వేశారు. కిరీటం వున్నంత మాత్రాన సీసం బంగారమవుతుందా? కాదు. చిల్లరకొట్టు లావాదేవీలకు అది చాలేది, అంతవరకే. 1845లో డేనులు తరంగంబాడిని, బెంగాలులోని శ్రీరాంపూరును కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లీషువారికి అమ్మి వెళ్ళిపోయారు.

వేంకటపతిరాయల వరహాకు మాత్రం చాలా పెద్ద ఆయుష్షు దక్కింది. 1639లో ఇంగ్లీషువారికి మద్రాసులో చోటు దొరికింది. నాణేలు కొట్టుకునే హక్కు కూడా దొరికింది. వాళ్ళు తమ రాజు తలకాయను వరహామీద వేసుకోవచ్చును గదా! వేయలేదు. ఒకవైపు స్వామి బొమ్మనే వేశారు. ఎందుకంటారా? ఆ బొమ్మ వుంటేనే రైతు, నేతగాడు, వర్తకుడు నమ్మి పుచ్చుకునేవారు. ధర్మవరంవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. చీర కొనేవారు అంగడి పేరుపలక చూసి వూరుకోరు, జరీని వేలితో తడిమి చూస్తారు. మద్రాసులో వరహా చెలామణి 1818లో రూపాయి వచ్చేదాకా సాగింది. అంటే పెనుకొండ రాజుల కాలపు నమ్మకం, ఆ రాజులు పోయాక కూడా నూటయాభై ఏళ్ళకు పైగా పరాయివాళ్ళ టంకసాలలో పనిచేసింది.

ఇక ఆ పాత బిరుదు గుర్తున్నదా? మాట తప్పే రాజులను శిక్షించే మొనగాడు! అది రాతిమీద చెక్కుకుంటే నిజమైపోదు. రాజు మాట ఇచ్చేది ఎక్కడ? ప్రతి వరహా ఒక మాటే. "ఇందులో ఇంత బంగారమున్నది, నన్ను నమ్ము" అని రాజు ముక్కూమొగమూ తెలియని రైతుకు ఇచ్చే మాట అది. తూకం తగ్గకుండా వరహా కొట్టించినవాడు, సముద్రాలన్నీ చేజారినా, ఆ ఒక్క బిరుదును మాత్రం నిలబెట్టుకున్నట్లే.

పిల్లలూ! ఇంతవరకు సాక్షి చెప్పింది విన్నారు. ఒకప్పుడు అటువంటి సాక్షి నోరు నేనే నొక్కేశాను. సిగ్గుగా వున్నా మీకు చెప్పాలి.

నేను హిందూపురం ప్రాంతంలో ఒక పల్లె బడిలో హెడ్మాస్టరుగా వున్న రోజులవి. వానలు పడిన మర్నాడు ఒక కుర్రవాడు శనక్కాయ చేనులో దొరికిందని ఒక రాగి కాసు తెచ్చాడు. పచ్చగా చిలుము పట్టి వుంది. వాలుగా ఎండకు పట్టి చూస్తే ఏనుగు వీపు, తొండం లీలగా కనిపించాయి. వెనుకవైపు నాగరి అక్షరాలు రెండు మూడు. నాకు ఆరాటం ఎక్కువయింది. అక్షరాలు బాగా కనబడాలని, చింతపండు, ఉప్పు తెప్పించి తరగతి పిల్లలందరి ఎదుట కసకస రుద్దాను. రాగి తళతళలాడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తీరా చూస్తే బిళ్ళ రెండువైపులా నున్నగా వున్నది! అక్షరాలూ ఏనుగూ ఆ పచ్చని చిలుములోనే నిలిచి వున్నాయి, చిలుముతోపాటే కడుక్కుపోయాయి.

ఆ కుర్రవాడు కాసును అటూ ఇటూ త్రిప్పి, "సార్, ఇందాక ఏనుగు వుండింది కదా, ఎక్కడికి పోయింది?" అని అడిగాడు.

నేనేం చెప్పను? వందల ఏళ్ళు మట్టిలో, వానలో, నాగలిచాలులో బ్రతికిన ఏనుగు అయిదు నిమిషాలలో నా చేతిలో చచ్చిపోయింది. ఆ కాసు ఏ రాజుదో ఇక ఎవరూ చెప్పలేరు. చదువుకున్నవాణ్ణని పేరు, ఆ రోజు చేసింది మాత్రం చదువురానివాడు కూడా చేయని పని. హెడ్మాస్టరు అనేది కూడా ఒక బిరుదే గదా! ఆ రోజు దాని తూకం ఎంతో నాకు తెలిసింది.

అందుచేత మీకొక మాట. పెనుకొండ చుట్టుపక్కల చేలల్లో, చెరువుమట్టిలో పాత కాసు దొరికితే చింతపండు, నిమ్మకాయ, బూడిద, బ్రష్షు ఏదీ తగిలించవద్దు. కాగితంలో పొట్లం కట్టి, ఎక్కడ దొరికిందో, ఏ రోజున దొరికిందో దానిమీద వ్రాయండి. దొరికిన చోటు తెలియని కాసు సగం మూగది. మీ ఉపాధ్యాయులకు చూపించి, పెద్దలను వెంటబెట్టుకొని తహసీల్దారుగారికి తెలియజేయండి. భూమిలో దొరికిన పాతసొత్తు విలువ పది రూపాయలకు మించితే కలెక్టరుకు తెలపాలని 1878నాటి చట్టమున్నది. పెద్దలు దాన్ని కరిగించి చెవిపోగులు చేయిస్తామంటే, కాస్త ఆగమని మీరే చెప్పండి. బంగారం ఎప్పుడైనా కొనవచ్చు, కరిగిపోయిన అక్షరాన్ని కొనలేము.

ఇక ధర్మవరం అమ్మాయికి నా జవాబు. అమ్మా! బిరుదు అబద్ధం కావచ్చు, అయినా చదవాలి. మనిషి తాను ఏమి కావాలనుకున్నాడో బిరుదు చెబుతుంది. నిజంగా ఏమి చేశాడో నాణెం చెబుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, షరాబు రెండు గీతలను పోల్చినట్లు పోల్చటమే చరిత్ర చదవటం. కంఠతా పెట్టటం దానిలో చాలా చిన్న పని.

మన దేశంలోనే ఇంకొక ముచ్చట చూడు. 1947లో స్వాతంత్ర్యం వచ్చింది. మన రూపాయిమీద మాత్రం ఆరవ జార్జి చక్రవర్తి బొమ్మ, బిరుదు 1950 వరకు నడిచాయి. భారత చక్రవర్తి అనే బిరుదును ఆయన 1948 జూన్ 22నే వదులుకున్నాడు! 1950 ఆగస్టు 15న అశోకుని సింహాల బొమ్మతో కొత్త నాణేలు వచ్చాయి. ఇప్పటి మన రూపాయి బిళ్ళమీద సింహాల క్రింద "సత్యమేవ జయతే" అని వుంటుంది. రాజు లేడు, బిరుదు లేదు. ఒక మాట వున్నది. ఆ మాట తూకం సరిగా వుందో లేదో చూడవలసిన షరాబులు మీరే.

ఈ నెల మీకొక పని ఇస్తున్నాను. ఒక రూపాయి బిళ్ళమీద పలుచని తెల్ల కాగితం పరచి, పెన్సిలుతో వాలుగా మెల్లగా రుద్దండి. బొమ్మ, అక్షరాలు కాగితంమీదికి వస్తాయి. ఇట్లా చేస్తే బిళ్ళ చెడిపోదు. పాతకాసును మాత్రం ఇట్లా కూడా ముట్టుకోవద్దు. కాగితం క్రింద నాణెం సంవత్సరం వ్రాసి పెట్టుకోండి. ఇంట్లో తాతమ్మల డబ్బాలలో పాత దమ్మిడీలు, అణాలు వుంటే అడిగి చూడండి. దేనిమీద ఎవరి పేరున్నదో, ఆ పేరుగలవాళ్ళు ఏమి చేశారో పెద్దలను అడిగి నాకు వ్రాయండి.

అన్నట్టు, లెక్క జవాబు: రెండు పదులు ఇరవై, ఇరవై ఆర్లు నూట ఇరవై, నూట ఇరవై మూళ్ళు 360. ఒక వరహాకు 360 జిటలులు. మీకూ అంతే వచ్చిందా? సంతోషం. రాకపోతే మళ్ళీ గుణించండి. నేను చెప్పానని నమ్మవద్దు!